కేబుల్ తీసేస్తే మిగిలేదెంత?

కావలిలో మా వీధికి కేబులాయన ప్రతి నెలా అయిదో తారీకుకు అటూ ఇటూగా వస్తాడు. బండి దిగడు. గేటు దగ్గర రెండుసార్లు హారన్ కొడతాడు. మా అమ్మ కొంగున ముడేసుకున్న మూడు వందలు తీసి ఇస్తుంది. ఆయన ఫోన్లో ఏదో నొక్కగానే లోపల ఆగిపోయిన బొమ్మ మళ్లీ కదులుతుంది. పోయిన నెల సరిగ్గా ఆ సమయానికే ఎదురింటి కుర్రాడు బయటికొచ్చి, "ఇంకా కేబులేంది పెద్దమ్మా, మేం తీయించేశాం. అన్నీ ఫోన్లోనే వస్తన్నాయి గదా" అన్నాడు. కేబులాయన నవ్వి ఊరుకున్నాడు. ఆ కుర్రాడి ఇంటికి వైఫై లైను లాగింది కూడా ఆయనే మరి.

ఆ మాటతో మా ఇంట్లో లెక్కలు మొదలయ్యాయి. నెలకు 300 అంటే ఏడాదికి 3,600, దానికి ఎన్ని యాప్‌లు వస్తాయని నేను. రాత్రి ఎనిమిదింటి సీరియల్ ఎనిమిదింటికే వస్తుందా అని అమ్మ. రెండూ న్యాయమైన ప్రశ్నలే. నెల్లూరు, ఒంగోలు, కందుకూరు, ఎక్కడ నలుగురు కూర్చున్నా ఇప్పుడు ఈ మాట వస్తోంది. టెలికాం, టీవీ సేవలకు నియమాలు పెట్టే సంస్థ ట్రాయ్ లెక్కల్లో డబ్బు కట్టి డీటీహెచ్, అంటే మిద్దె మీది డిష్‌తో, చూసేవాళ్లు 2021 మార్చిలో దాదాపు 7 కోట్లు. 2025 మార్చి నాటికి 5.7 కోట్ల దగ్గరికి దిగారు. అయితే వదిలేసినవాళ్లంతా యాప్‌లకే పోలేదు. నెలనెలా కట్టే పనిలేని దూరదర్శన్ ఫ్రీ డిష్ పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకని "అందరూ తీసేస్తున్నారు" అన్న మాటను కాస్త విప్పి చూడాలి.

## బొమ్మ ఇంట్లోకి వచ్చే దారులు

కేబుల్, డిష్, ఓటీటీ, ఫైబర్ అని నాలుగు మాటలు కలిపేసి వాడుతుంటాం. తేడా అంతా బొమ్మ వచ్చే దారిలో ఉంది.

కేబుల్లో ఛానెల్ ముందు ఉపగ్రహానికి వెళ్లి, అక్కడి నుంచి పెద్ద కంపెనీ కంట్రోల్ రూమ్ మీదున్న పెద్ద డిష్‌లకు దిగుతుంది. ఈ కంపెనీని వ్యాపారంలో ఎంఎస్‌వో అంటారు. అక్కడి నుంచి తీగ మీద ఊళ్లోకి, వీధిలోకి, మన సెట్‌టాప్ బాక్సులోకి వస్తుంది. ఆఖరి తీగ లాగేది, డబ్బు వసూలు చేసేది లోకల్ ఆపరేటర్. రాత్రి బొమ్మ పోతే మనం ఫోన్ చేసేదీ ఆయనకే. డీటీహెచ్‌లో ఈ మధ్యవాళ్లెవరూ లేరు. ఉపగ్రహం నుంచి నేరుగా మిద్దె మీది గొడుగులోకే.

ఓటీటీ అంటే ఇంటర్నెట్ మీద నడిచే యాప్. ఇక్కడ ఛానెల్ ప్రవాహం కాదు, గోడౌన్ ఉంటుంది. మనం అడిగిన ముక్క అడిగినప్పుడు పంపిస్తారు. కొన్ని యాప్‌లలో లైవ్ ఛానెళ్లు కూడా ఉంటాయి కానీ అసలు సరుకు ఆ గోడౌనే.

నాలుగోది ఈ మూడిటి మధ్యలో ఉంటుంది. ఫైబర్ తీగ ఒక్కటే వస్తుంది, దాంట్లోనే నెట్టూ, టీవీ ఛానెళ్లూ, ఫోనూ. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ ఇలాంటిదే. మొదట్లో నెలకు 149 రూపాయలకే మూడూ ఇస్తామనడంతో పల్లెల్లో కూడా దాని పేరు మార్మోగింది. ఆ లైనును ఇంటింటికీ చేర్చింది ఎక్కువగా ఊరి కేబుల్ ఆపరేటర్లే. మా కేబులాయన నవ్వులోని అర్థం ఇదే. మనం కేబుల్ తీసేసినా చాలాసార్లు డబ్బు ఆ బండి దగ్గరికే పోతుంది, రసీదులో పేరు మారుతుందంతే.

## రూ.153.40 ఎక్కడి నుంచి వచ్చింది

ఒకప్పుడు బాక్సు లేదు. తీగ తెచ్చి టీవీ వెనక గుచ్చితే వచ్చినన్ని ఛానెళ్లు. ఎన్ని ఇళ్లకు లైను ఇచ్చాడో ఆపరేటర్ చెప్పిందే లెక్క. 2012 నుంచి దశలవారీగా డిజిటల్ బాక్సు తప్పనిసరి చేశారు. ముందు మహానగరాలు, చివరగా 2017 మార్చి 31 గడువుతో చిన్న పట్టణాలు, పల్లెలు. బాక్సు రావడంతో ఏ ఇంట్లో ఏ ఛానెల్ తెరవాలో కంట్రోల్ రూమ్ నుంచే నడపడం కుదిరింది. దాని వెనకే 2019లో ట్రాయ్ కొత్త ధరల పద్ధతి అమల్లోకి వచ్చింది. బిల్లు అర్థం కావాలంటే తెలియాల్సింది ఇదే.

ఈ పద్ధతిలో బిల్లు రెండు ముక్కలు. మొదటిది తీగకు అద్దె లాంటిది, దీన్ని నెట్‌వర్క్ ఫీజు అంటారు. 2019లో 100 ఛానెళ్లకు 130 రూపాయలు మించకూడదన్నారు. తర్వాతి సవరణతో అదే 130కి 200 ఛానెళ్లు ఇవ్వాలన్నారు. 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. అప్పట్లో ఈ అంకె ప్రతి నోటా నలిగింది. ఉచిత ఛానెళ్లకు ఇది చాలు. రెండో ముక్క పే ఛానెళ్లది. ఒక్కోదానికి ఛానెల్ కంపెనీ ధర పెడుతుంది. బొకేలో, అంటే గంపగుత్త ప్యాకులో, చేర్చాలంటే ఆ ధర 19 రూపాయలు దాటకూడదు.

ఇప్పుడు మా అమ్మకు కావాల్సిన నాలుగు పెద్ద తెలుగు ఛానెళ్లూ తలా 19 అనుకుందాం. 76 రూపాయలు. జీఎస్టీతో 89.68. మొదటి 153.40 కలిపితే 243 రూపాయల 8 పైసలు. మేం కట్టే 300లో మిగతాది పిల్లల ఛానెళ్లు, స్పోర్ట్స్, మేం ఎప్పుడూ పెట్టని మరికొన్ని. ప్యాకు పేరుతో అవన్నీ వచ్చి కూర్చుంటాయి. ఒకటి గుర్తుంచుకోవాలి. నెట్‌వర్క్ ఫీజు మీదున్న పై పరిమితిని ట్రాయ్ 2024 జులైలో ఎత్తేసింది. ఇప్పుడు ఆ 130 చట్టం కాదు, అలవాటు మాత్రమే. ఒక్కో ఆపరేటర్ ఒక్కో రకంగా పెట్టుకోవచ్చు, కాబట్టి పక్క ఊరి బిల్లుతో పోల్చి పోట్లాడి లాభం లేదు.

ఇందులో బండి మీద వచ్చేవాడికి మిగిలేదెంతో కూడా చూద్దాం. ఎంఎస్‌వోకీ లోకల్ ఆపరేటర్‌కీ విడిగా ఒప్పందం కుదరకపోతే ట్రాయ్ నమూనా ప్రకారం వాటా 55:45. పై లెక్కలో 130లో ఆయనకు 58 రూపాయల 50 పైసలు. పే ఛానెల్ ధరలో కనీసం 20 శాతం పంపిణీదారులకు వదలాలి. అంటే 76లో 15 రూపాయల 20 పైసలు, అందులో ఆయన వాటా 6 రూపాయల 84 పైసలు. మొత్తం 65 చిల్లర. స్తంభాలెక్కడం, తెగిన తీగలు అతకడం, "సీరియల్ టైముకు బొమ్మ పోయింది" అన్న ఫోన్లు, అన్నీ ఈ 65లోనే. ఆయన వైఫై వైపు ఎందుకు మళ్లాడో ఇది చూస్తే తెలుస్తుంది.

## నాలుగు ఛానెళ్లు, నాలుగు యాప్‌లు

ఎదురింటి కుర్రాడు "అన్నీ ఫోన్లోనే" అన్నాడు కదా. ఆ "అన్నీ" దగ్గరే అసలు చిక్కు.

తెలుగు ఇంట్లో టీవీ అంటే ముఖ్యంగా నాలుగు ఛానెళ్లు. ఈటీవీ, జెమిని 1995లో వచ్చాయి. మా టీవీ 2002లో, జీ తెలుగు 2005లో. మా టీవీని 2015లో స్టార్ కొనుక్కుని స్టార్ మా చేసింది. కేబుల్లో ఈ నలుగురూ ఒకే బాక్సులో పక్కపక్కనే కూర్చుంటారు. యాప్‌ల లోకంలో మాత్రం ఎవరిల్లు వారిది. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో. మా అమ్మ సాయంత్రం ఆరున్నర నుంచి పదింటి లోపల ఈ నలుగురిళ్లూ తిరిగొస్తుంది. రిమోట్‌తో అయితే మూడంకెలు నొక్కితే చాలు. టీవీ కింద అతికించిన క్యాలెండర్ ముక్క మీద ఆ అంకెలన్నీ పెన్నుతో రాసి ఉన్నాయి, ఇప్పుడు ఆమెకు ఆ కాగితం కూడా అక్కర్లేదు. యాప్‌లలో అయితే ఒక దాంట్లోంచి బయటికి రావాలి, ఇంకోటి తెరవాలి, ప్రొఫైల్ ఎవరిదని అడిగితే చెప్పాలి, వెతకాలి.

సరే, అది అలవాటయ్యే పనే అనుకుందాం. డబ్బు లెక్క చూద్దాం. జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్‌గా మొదలైనప్పుడు టీవీలో కూడా చూసుకునే సూపర్ ప్లాన్ ఏడాదికి 899. మిగతా మూడు యాప్‌ల ధరలు ఆఫర్లను బట్టి మారుతుంటాయి కాబట్టి సగటున ఏడాదికి 600 చొప్పున అనుకుందాం. ఇది నేను వేసుకున్న అంచనా. 899, మూడు ఆరు వందలు కలిపితే 2,699. నెలకు 225 రూపాయలు. పైన కేబుల్‌కు వచ్చింది 243. మిగిలేది పద్దెనిమిది రూపాయలు. ఆ మూడు యాప్‌లూ 500 చొప్పున దొరికితే నెలకు 43 మిగులుతుంది. 800 అయితే మనకే 32 రూపాయలు ఎదురు పడుతుంది.

మేం నిజంగా కట్టే 300తో పోలిస్తే 75 మిగులుతుంది, కాదనను. కానీ "కేబుల్ తీసేస్తే బోలెడు మిగులుతుంది" అన్న మాట నాలుగు ఛానెళ్ల సీరియళ్లూ చూసే ఇంటికి వర్తించదు. ఒకే ఛానెల్ సీరియళ్లు చూసేవాళ్లకు, అసలు సీరియళ్లే చూడనివాళ్లకు వర్తిస్తుంది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఆ 225కి వచ్చేది ఆ పూట సీరియల్ ఒక్కటే కాదు. పాత ఎపిసోడ్లు, సినిమాలు, వెబ్ సిరీస్‌లు, ఊరెళ్లినప్పుడు ఫోన్లో చూసుకునే వీలు. పెళ్లికో చావుకో పోయి వారం సీరియల్ తప్పిపోతే కేబుల్లో అది పోయినట్టే. యాప్‌లో ఉంటుంది. కొన్ని సీరియళ్లు డబ్బు కట్టినవాళ్లకు టీవీ కంటే ముందే వస్తాయి కూడా. తెలుగు సినిమా థియేటర్లో విడుదలయ్యాక మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో ఏదో ఒక యాప్‌లోకి వస్తుంది. టీవీలో సంక్రాంతికో దసరాకో వేసేదాకా ఆగక్కర్లేదు. కాకపోతే అది ఏ యాప్‌లోకి వస్తుందో మన చేతిలో లేదు. ఒక సినిమా ఆహాలో, ఇంకోటి నెట్‌ఫ్లిక్స్‌లో, మరోటి ప్రైమ్‌లో. ఆహా 2020లో తెలుగు కోసమే మొదలైంది, అప్పుడు ఏడాదికి 365 రూపాయలు, రోజుకు రూపాయి. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో ధరలు తగ్గించినప్పుడు కూడా టీవీలో చూడటానికి పనికొచ్చే చౌక ప్లాన్ నెలకు 199. కొత్త సినిమా వచ్చినప్పుడల్లా ఒక యాప్ చొప్పున కలుపుకుంటూ పోతే మూడు వందల కేబుల్ బిల్లు ముచ్చటగా కనిపించే రోజు వస్తుంది.

ప్రకటనలు ఉండవన్న మాట కూడా పాతబడింది. జియోహాట్‌స్టార్ సూపర్ ప్లాన్‌లో ప్రకటనలు వస్తాయి. ప్రైమ్ వీడియో కూడా 2025 జూన్ నుంచి మన దేశంలో ప్రకటనలు మొదలుపెట్టి, అవి వద్దంటే అదనంగా కట్టమంది.

## నెట్ బిల్లు ఎవరి పద్దులో రాయాలి

ఈ చర్చలో చాలామంది పొరబడేది ఇక్కడే. యాప్ ధరల్ని కేబుల్ ధరతో పోలుస్తారు, యాప్ నడిచే రోడ్డును మాత్రం లెక్కలోకి తీసుకోరు.

నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం మామూలు నాణ్యతలో గంటకు 1 జీబీ దాకా, హెచ్‌డీలో 3 జీబీ దాకా ఖర్చవుతుంది. మొబైల్లో రోజుకు 2 జీబీ ప్యాక్ ఉందనుకుందాం. హెచ్‌డీలో 40 నిమిషాలు. ఒక సీరియల్ చూసి రెండోది సగంలో ఉండగానే గుండ్రం తిరగడం మొదలవుతుంది. మామూలు నాణ్యతలో రెండు గంటలు. ఒక్కరు ఫోన్లో చూసుకోవడానికి చాలు, ఇంటిల్లిపాదీ చూడటానికి చాలదు. పైగా 2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ వరసగా రీఛార్జి ధరలు పెంచాక హాట్‌స్పాట్ పెట్టి టీవీ నడిపిద్దామన్న ఆలోచన ఖరీదైపోయింది.

ఫైబర్ వేరే కథ. రోజుకు అయిదు గంటలు హెచ్‌డీలో చూస్తే నెలకు 450 జీబీ. ఇళ్లకిచ్చే చాలా ఫైబర్ ప్లాన్లలో పరిమితి 3,300 జీబీ, అంటే 1,100 గంటలు. నెలలో ఉన్నవే 720 గంటలు. కాబట్టి డేటా అయిపోతుందన్న టెన్షన్ ఫైబర్‌లో అక్కర్లేదు. 399 రూపాయల ప్లాన్ అయితే జీఎస్టీతో 470 రూపాయల 82 పైసలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ 471 టీవీ ఖర్చా, కాదా? పిల్లల చదువుకో, ఇంటి నుంచి చేసే ఉద్యోగానికో ఇంట్లో ఇప్పటికే ఫైబర్ ఉంటే అది కాదు. ఆ డబ్బు ఎలాగూ పోతోంది. లేని ఇంట్లో టీవీ కోసమే ఫైబర్ పెట్టించుకుంటే పూర్తిగా టీవీ ఖర్చే, అప్పుడు నెలకు 225, 471 కలిపి దాదాపు 696. కేబుల్‌కు రెండింతలు దాటింది. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లకు రెండు వేర్వేరు జవాబులు రావడానికి ఈ ఒక్క తేడా చాలు. ఎదురింటి కుర్రాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వాళ్లింటికి నెట్ ముందే ఉంది. ఆయన లెక్క తప్పు కాదు. ఆయన లెక్క ఆయనిదంతే.

ఫైబర్ ప్లాన్లతో పాటు కొన్ని యాప్‌లు కలిపి ఇస్తుంటారు, అప్పుడు లెక్క ఇంకా మారుతుంది. చూసుకోవాల్సింది ఒక్కటే. కలిపి ఇచ్చింది టీవీలో పనిచేసే ప్లానా, ఫోన్‌కే పరిమితమైన మొబైల్ ప్లానా అన్నది.

## పక్కింట్లో సిక్సర్ ముందే పడుతుంది

ఐపీఎల్ రోజుల్లో ఈ తేడా చెవికి వినిపిస్తుంది. మేం ఫోన్లో చూస్తుంటే బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టలేదు, వెనకింటి కేబుల్ టీవీ దగ్గర కేకలు. వికెట్టో సిక్సరో తేలేది మాకు కాసేపయ్యాకే.

కారణం ఇది. యాప్ బొమ్మను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతుంది. మధ్యలో నెట్ తడబడినా బొమ్మ ఆగకుండా ఉండటానికి మన ఫోన్ అలాంటి ముక్కలు కొన్ని ముందే పోగేసుకుని, అప్పుడు మొదలుపెడుతుంది. ఆ పోగేసుకునే సమయమే ఆలస్యం. కేబుల్ కూడా ఉపగ్రహం దాకా వెళ్లొస్తుంది కాబట్టి మైదానం కంటే కొంచెం వెనకే ఉంటుంది, కానీ యాప్ అంత కాదు.

క్రికెట్ హక్కుల సంగతి కూడా జనాన్ని బాగా తికమక పెట్టింది. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ హక్కుల్ని 2022 జూన్‌లో వేలం వేసినప్పుడు టీవీ స్టార్‌కు, మన దేశంలో డిజిటల్ వయాకామ్18కు వెళ్లాయి. వయాకామ్18 వాళ్ల జియోసినిమా 2023, 2024 సీజన్లు ఉచితంగా చూపించింది. "ఐపీఎల్‌కు కేబుల్ ఎందుకు" అన్న మాట అప్పుడే పుట్టింది. 2024 నవంబరులో ఆ రెండు కంపెనీలూ ఒక్కటైపోయాయి. తర్వాతి సీజన్ నుంచి యాప్‌లో పూర్తిగా చూడాలంటే ప్లానో, దానికి సరిపోయే ఫోన్ రీఛార్జో ఉండాలన్నారు. ఉచితాన్ని నమ్ముకుని కేబుల్ తీసేసినవాళ్లు అప్పుడు నాలిక్కరుచుకున్నారు.

జాతీయ ప్రాధాన్యం ఉన్నవని ప్రభుత్వం ప్రకటించిన మ్యాచ్‌లను 2007 చట్టం ప్రకారం దూరదర్శన్‌తో పంచుకోవాలి. ఫ్రీ డిష్ ఉన్న ఇంటికి అవి పైసా ఖర్చు లేకుండా వస్తాయి. ఐపీఎల్ ఆ జాబితాలో లేదు.

## గాలివాన రోజున

మన తీరంలో ఉండేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం అన్న మాట వినని వారం ఉండదు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను దానికి ముందు మన తీరం వెంబడే పైకి పాకింది. అలాంటి రోజున ఏది పనిచేస్తుంది?

జోరువానలో ముందు పోయేది డీటీహెచ్. అది వాడే కేయూ బ్యాండ్ తరంగాలు పొట్టివి, నీటి చుక్కలు వాటిని మింగేస్తాయి. కేబుల్ కంట్రోల్ రూమ్‌లో పెద్ద డిష్‌లు వాడే సీ బ్యాండ్ తరంగాలు పొడుగువి, వానను చాలావరకు తట్టుకుంటాయి. అందుకే డిష్ ఇంట్లో "సిగ్నల్ లేదు" అని వస్తున్నప్పుడు కేబుల్ ఇంట్లో వార్తలు నడుస్తుంటాయి. డీటీహెచ్ కోసం పెద్ద ఉపగ్రహం పంపాలని 2006 జులై 10న శ్రీహరికోట నుంచి ప్రయోగిస్తే, ఆ జీఎస్‌ఎల్‌వీ కాసేపటికే కూలిపోయింది. అందులో ఉన్న ఇన్శాట్-4సీకి బదులు మరుసటేడు సెప్టెంబరులో 4సీఆర్ పైకి వెళ్లింది. నెల్లూరు వాళ్లకు మిద్దె మీది గొడుగుతో ఆ మాత్రం చుట్టరికం ఉంది.

కేబుల్‌కు దాని గండం వేరే. కొమ్మ విరిగి తీగ మీద పడితే ఆ వీధంతా చీకటే. ఫైబర్ కూడా ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది కాబట్టి ఇద్దరి తలరాతా ఒకటే, కాకపోతే తెగిన ఫైబర్‌ను అతకడానికి వేరే మిషను కావాలి. ఇక కరెంటు పోతే టీవీకి ఇన్వర్టర్ ఉన్నా రౌటర్‌ను దానికి కలపడం చాలామంది మరిచిపోతారు. నేనూ మరిచాను. టీవీ వెలుగుతోంది, నెట్ లేదు.

## రొట్టెల పండుగ ఏ యాప్‌లో ఉంది

ధరల పట్టికల్లో కనిపించని సంగతి ఒకటుంది. కేబుల్లో ఊరి ఛానెళ్లు ఉంటాయి. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంటే, బారాషహీద్ దర్గా దగ్గర జనం రొట్టెలు మార్చుకుంటున్నది ఇంట్లో కూర్చుని చూసే అలవాటు చాలామంది పెద్దవాళ్లకుంది. తల్పగిరి రంగనాథస్వామి ఉత్సవాలూ అంతే. కింద వరసగా పోయే అక్షరాల్లో బట్టల షాపు తగ్గింపులు, వర్ధంతి ప్రకటనలు, రేపు కరెంటు ఉండని ప్రాంతాల పేర్లు. ఏ పెద్ద యాప్‌కీ ఇది గిట్టుబాటయ్యే పని కాదు.

దీనికి జవాబుగా యూట్యూబ్‌ను చూపిస్తారు, కొంతవరకు నిజమే. ఉత్సవాల లైవ్‌లు అక్కడ దొరుకుతాయి. తెలుగు వార్తా ఛానెళ్లు చాలావరకు యూట్యూబ్‌లో ఉచితంగా లైవ్ నడుపుతున్నాయి. కాబట్టి వార్తల కోసమే కేబుల్ ఉంచుకున్నవాళ్లకు ఆ కారణం ఇక లేనట్టే. ప్రసార భారతి కూడా 2024 నవంబరులో వేవ్స్ అనే యాప్ తెచ్చింది. అయితే వెతికితే దొరకడం వేరు, రిమోట్ నొక్కితే ఎదురుపడటం వేరు. మధ్యాహ్నం అన్నం తిని ఒరిగినప్పుడు ఏదో ఒకటి దానంతటదే నడుస్తుండాలి, అంతే. ఏం చూడాలో మనమే తేల్చుకోమని యాప్ అడుగుతుంది. ఇది తప్పని కాదు. మా ఇంట్లో కుర్రవాళ్లకు ఆ అడగడమే నచ్చుతుంది, మా అమ్మకు ఆ అడగడమే విసుగు.

పిల్లలున్న ఇంట్లో మరో తేడా. టీవీ ఛానెళ్లు 1995 కేబుల్ చట్టం కింది ప్రోగ్రామ్ కోడ్‌కు లోబడాలి. యాప్‌లకు 2021 ఐటీ నియమాలు. అక్కడ ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు దాటినవాళ్లకని, పెద్దలకని ముద్ర వేస్తారు, తాళం పెట్టుకునే పని మాత్రం మనది.

## మూడు ఇళ్ల లెక్క

మొదటిది నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ముగ్గురు కుర్రాళ్లు అద్దెకున్న గది అనుకుందాం. టీవీ లేదు, పైన చెప్పిన 471 రూపాయల ఫైబర్ ముగ్గురూ పంచుకుంటారు. తలా 157. ఒకరి యాప్ మరొకరు వాడుకుంటారు, నెట్‌ఫ్లిక్స్ 2023 జులై నుంచి ఒకే ఇంటివాళ్లకే అంటున్నా వీళ్లది ఒకే ఇల్లే. వీళ్లకు కేబుల్ ప్రశ్నే రాదు.

రెండోది ఒంగోలులో రెండు టీవీల ఇల్లు, హాల్లో ఒకటి, పైన ఒకటి. కేబుల్లో రెండో టీవీకి రెండో బాక్సు, దానికి మళ్లీ డబ్బు. యాప్ అయితే రెండు తెరలకు అనుమతించే ప్లాన్ ఒక్కటి చాలు. ఫైబర్ ముందే ఉన్న ఇలాంటి ఇంట్లో కింద హాల్లో కేబుల్ ఉంచుకుని, పైన బాక్సు తీసేసి యాప్‌లు పెట్టుకోవడం లెక్కకు నిలుస్తుంది.

మూడోది ఉదయగిరి వైపు మెట్ట పల్లెలో ఇద్దరు ముసలివాళ్లు. పిల్లలు బెంగళూరులో. ఫైబర్ రాలేదు, ఫోన్ సిగ్నల్ మిద్దెక్కితేనే. ఇక్కడ కేబులా యాప్‌లా అన్న చర్చకు చోటే లేదు, ఉన్నది డీటీహెచ్, లేదంటే ఫ్రీ డిష్. 2004 డిసెంబరు నుంచి దూరదర్శన్ నడుపుతున్న ఈ ఫ్రీ డిష్‌కు ఒక్కసారి గొడుగు, బాక్సు కొనుక్కుంటే నెలనెలా ఏమీ లేదు. దూరదర్శన్ తెలుగు ఛానెళ్లు సప్తగిరి, యాదగిరి వస్తాయి. కానీ పెద్ద ఛానెళ్ల సీరియళ్ల కోసం ముఖం వాచిపోవాల్సిందే. ఊరొచ్చిన కొడుకు "అమ్మా, ఫోన్లో చూసుకోవచ్చు గదా" అని యాప్ పెట్టించి వెళ్తే, ఆయన బస్సెక్కిన మర్నాడే అది పాస్‌వర్డ్ అడుగుతుంది.

## తెలియకుండా పోయే డబ్బు

కేబుల్ డబ్బు మన చేత్తో ఇస్తాం. ఇవ్వకపోతే బొమ్మ ఆగుతుంది, గుర్తొస్తుంది. యాప్ డబ్బు ఆటోపేలో పోతుంది. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఇలా కోసుకునే ముందు కనీసం 24 గంటల ముందు మనకు సమాచారం పంపాలి. పంపుతారు కూడా. లోను కావాలా అనే మెసేజీల మధ్య అది కూడా ఒకటై పోతుంది. ఒక సినిమా కోసం నెలకని తీసుకున్న యాప్ ఆరు నెలలు నడిచిందని మా ఆవిడ బ్యాంకు స్టేట్‌మెంట్ చూసేదాకా నాకు తెలియలేదు.

కేబుల్‌కు ఉన్న మంచి వీలొకటి మాత్రం ఎవరూ వాడుకోరు. ట్రాయ్ 2017 నియమాల ప్రకారం ముందుగా చెప్పి కనెక్షన్‌ను కొంతకాలం ఆపించుకోవచ్చు, తర్వాత తిరిగి పెట్టించుకోవచ్చు. తీసేయాలా వద్దా అన్న సందేహంలో ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది. నెల రోజులు ఆపి, యాప్‌లతో ఇల్లు నడుస్తుందో లేదో చూడొచ్చు. బాక్సును మాత్రం అటక మీద పడేయకూడదు. ఒక కంపెనీ బాక్సు ఇంకో కంపెనీ లైనుకు పనిచేయదు, మనసు మారితే అదే కావాలి.

ఈ సంగతి చెబితే అమ్మ ఒక్క షరతు పెట్టింది. "ఆపితే ఆపు నాయనా. నా ఎనిమిదింటి సీరియల్ అయిపోయే నెల చూసి ఆపు." అది మూడేళ్లుగా అయిపోలేదు.